విసుగొచ్చింది సూపర్ హీరోల మీద కాదు, బాకీల మీద

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఎండ్‌గేమ్ దాకా ప్రతి మార్వెల్ సినిమా మొదటి రోజే చూశాను. ఇప్పుడు ట్రైలర్ వచ్చినా తెరవాలనిపించడం లేదు. నాకు వయసు పైబడిందా, సినిమాలే పాడయ్యాయా? ఇన్నేళ్లు ఆడిన సిరీస్‌లంటే జనానికి ఎందుకు మొహం మొత్తింది?"

నేను 2009 నుంచి విజయవాడ, గుంటూరు వైపు థియేటర్లకు ప్రోగ్రామింగ్ చూస్తున్నాను. అంటే ఏ సినిమాకి ఏ స్క్రీన్‌లో ఎన్ని షోలు వేయాలి, సోమవారానికి ఎన్ని పీకేయాలి అని లెక్కలు వేసే పని. సినిమా గొప్పదా కాదా అని తేల్చడం నాకు చేతకాదు. హాల్లోకి ఎవరొస్తున్నారు, ఎవరు రావడం మానేశారు అన్నది మాత్రం కాస్త తెలుసు. అక్కణ్ణుంచే చెబుతాను.

సూటిగా జవాబు: జనానికి సూపర్ హీరోలంటే విసుగు రాలేదు. ఒక సినిమా అర్థం కావడానికి ముందు పది చూసి రమ్మంటున్నారు, దానికి విసుగొచ్చింది. ఇందులో మొదట తప్పుకునేది అభిమాని కాదు. అభిమాని వెంట వచ్చేవాళ్లు. అభిమాని ఆఖరున తప్పుకుంటాడు. మీరు ఆ ఆఖరి వరసలో ఉన్నారు, అంతే.

మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. అభిమాని కొనేది ఒక టికెట్, వాడి వెంట వచ్చేవాళ్లు కొనేవి మూడు. ఇంటర్ చదివే కుర్రాడు ఐరన్ మ్యాన్ అంటే ప్రాణం పెడతాడు. వాడితో పాటు ఏ సినిమా అయినా చూసే ఇద్దరు స్నేహితులు వస్తారు. వాడే ఇంట్లో వాళ్లతో వస్తే నాన్న, చెల్లి, ఒక్కోసారి అమ్మ. శుక్రవారం అడ్వాన్స్ బుకింగ్‌లో మాకు కనిపించేది అభిమానులు. శనివారం ఫస్ట్ షో నుంచి ఆదివారం సెకండ్ షో దాకా హాలు నింపేది ఈ తోడు వచ్చేవాళ్లు. వాళ్లకి మల్టీవర్స్ (ఒకే మనిషి వేరే వేరే లోకాల్లో వేరే వేరేగా ఉండటం) తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. వాళ్లకి కావాల్సింది రెండున్నర గంటల్లో మొదలై, అయిపోయే ఒక కథ. మధ్యలో నవ్వు, చివర్లో విజిల్.

2012 ఏప్రిల్‌లో మొదటి అవెంజర్స్ వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర ఒకాయన అడిగారు, "ముందువి చూడకపోయినా అర్థమవుతుందా బాబూ?" అని. మా కౌంటర్ కుర్రాడు తడుముకోకుండా చెప్పాడు: "అవుతుందండీ, ఆరుగురు హీరోలు. ముందు వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారు, తర్వాత కలిసి విలన్ని కొడతారు." ఆయన నాలుగు టికెట్లు తీసుకున్నారు. ఆ కుర్రాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం కూడా.

అప్పటి నుంచి నేను దాన్నే పరీక్షగా పెట్టుకున్నాను. కౌంటర్‌లో ఒక్క మాటలో చెప్పగలిగే సినిమాకి షోలు ధైర్యంగా వేస్తాను. 2018లో ఇన్ఫినిటీ వార్ దాని ముందున్న 18 సినిమాల బరువు మోసుకొచ్చింది కదా, అయినా మా దగ్గర ఎందుకు ఆడిందంటే, "ఒకడు ఆరు రాళ్లు ఏరుకుంటున్నాడు, ఆరూ దొరికితే లోకంలో సగం జనం పోతారు" అంటే సరిపోయేది. తెలుగు వెర్షన్‌లో ఆ విలన్ థానోస్‌కి రానా గొంతు ఇవ్వడం అదనపు కలిసొచ్చే అంశం. హల్క్ ఎవరో తెలియనివాళ్లు కూడా విలన్ బాధేమిటో అర్థమై బయటికొచ్చారు.

ఇదే పరీక్ష 2022 మే నెలలో వచ్చిన రెండో డాక్టర్ స్ట్రేంజ్‌కి పెట్టండి. అంతకుముందు సినిమాల్లో మంచిపిల్లగా చూసిన వాండా ఇందులో విలన్. ఎందుకయ్యా అంటే ఆమె పిల్లల కోసం. ఏ పిల్లలు? 2021లో ఓటీటీలో వచ్చిన వాండావిజన్ సిరీస్‌లో పుట్టి మాయమైన పిల్లలు. అది చూడనివాడికి ఆవిడ కోపం పిచ్చిలా ఉంటుంది. హాలీవుడ్ సినిమాకి ఇంటర్వెల్ ఉండదు కదా, మేమే ఓ చోట ఆపుతాం. ఆ సమయంలో క్యాంటీన్ దగ్గర నిలబడి జనం మాటలు వినడం నాకు అలవాటు. ఇన్ఫినిటీ వార్ ఇంటర్వెల్‌లో "ఎవడు పోతాడంటావ్?" అనుకున్నారు. డాక్టర్ స్ట్రేంజ్‌కి ఒక కుర్రాడు పాప్‌కార్న్ చేత్తో పట్టుకుని పక్కనున్న అమ్మాయికి వాండావిజన్ ఎపిసోడ్ల వారీగా చెబుతున్నాడు. ఆ అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. ఇంటర్వెల్‌లో అభిమాని ట్యూషన్ మొదలెట్టాడంటే ఆ సిరీస్‌కి తోడు టికెట్లు పోతున్నాయని అర్థం. ఆ సినిమా ప్రపంచమంతటా 95 కోట్ల డాలర్లు చేసింది, ఫ్లాప్ అనలేం. కానీ నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

ఎండ్‌గేమ్‌తో చీటీ పాడేసుకున్నాం

అసలు సంగతి ఇది, దీని మీద కాస్త ఆగుతాను.

ఐరన్ మ్యాన్ 2008 మే నెలలో వచ్చింది. ఎండ్‌గేమ్ 2019 ఏప్రిల్‌లో వచ్చింది, అది 22వ సినిమా. ఈ పదకొండేళ్లూ జనం చేసిన పనిని నేను చీటీ కట్టడంతో పోలుస్తాను. ప్రతి సినిమాకీ కొంత కట్టారు. అయిపోయాక పేర్లు పడుతుంటే కూర్చున్నారు, చివర్లో ముక్క చూశారు, "ఇది ఎక్కడికో పోతోంది" అని నమ్మారు. కొన్ని నెలలు వాయిదా బరువుగానే అనిపించింది. రెండో థోర్, 2013లో వచ్చినది, ఎంతమందికి గుర్తుంది? అయినా కట్టారు. ఎందుకంటే ఎప్పుడో ఒకరోజు మొత్తం చేతికొస్తుందని తెలుసు. ఎండ్‌గేమ్ రోజున వచ్చింది. దాదాపు 280 కోట్ల డాలర్లు, అప్పటికి ప్రపంచంలో అదే రికార్డు. మన దగ్గర తెల్లవారుజామున షోలు వేశాం, ఇంగ్లిష్ సినిమాకి. ఐరన్ మ్యాన్, అదే టోనీ స్టార్క్, చనిపోయినప్పుడు మాస్ స్క్రీన్‌లో ఏడుపులు విన్నాను. కెప్టెన్ అమెరికా స్టీవ్ రోజర్స్ ముసలివాడై బెంచీ మీద కూర్చున్నాడు. కథ అయిపోయింది. చీటీ ఎత్తుకున్నాం.

చీటీ ఎత్తుకున్న మర్నాడు తలుపు తట్టి "కొత్త చీటీ మొదలెడుతున్నాం, పాతదానికన్నా వాయిదా ఎక్కువ, నడిపేది ఎవరో తర్వాత చెబుతాం" అంటే మీరేం చేస్తారు? మొహమాటానికి రెండు నెలలు కడతారు. తర్వాత ఫోన్ ఎత్తరు.

2021 జనవరి నుంచి 2022 నవంబర్ దాకా, రెండేళ్లు కూడా నిండకుండా, నాలుగో దశ అని చెప్పి 7 సినిమాలు, 8 సిరీస్‌లు, 2 స్పెషల్స్ దించారు. మొదటి మూడు దశలు, అంటే 11 ఏళ్లలో వచ్చిన 23 సినిమాలు, మొత్తం నిడివి సుమారు 50 గంటలు. ఈ రెండేళ్ల సరుకు దాన్ని దాటిపోయింది. పదకొండేళ్ల వాయిదాలన్నీ రెండేళ్లలో కట్టమన్నట్టు. పైగా ఎవరికి కడుతున్నామో తెలియదు. ఎటర్నల్స్ ఒక్క సినిమాలో పది మంది కొత్త హీరోల్ని పరిచయం చేసింది, చివర్లో ఒక పాప్ గాయకుణ్ణి థానోస్ తమ్ముడని తెచ్చి నిలబెట్టింది. ఆ తమ్ముడు తర్వాతి సినిమాల్లో పత్తా లేడు. అదే సినిమాలో కొండంత రాతి మనిషి సముద్రంలోంచి సగం పైకి లేచి అలాగే గడ్డకట్టిపోతాడు. అదీ మన హిందూ మహాసముద్రంలో. 2021 నవంబర్‌లో లేచినవాణ్ణి సినిమాల్లో ఎవరైనా గట్టిగా పట్టించుకున్నది 2025 ఫిబ్రవరిలో, నాలుగో కెప్టెన్ అమెరికాలో. మూడేళ్లకు పైగా ప్రపంచమంతటా ఒక్క హీరో కూడా "అదేంట్రా అక్కడ?" అని గట్టిగా అడగలేదు. ప్రేక్షకుడు ఇలాంటివి మర్చిపోడు. వీళ్లు తనకి బాకీ పడ్డారని గుర్తు పెట్టుకుంటాడు.

మార్వెల్ యజమాని డిస్నీకి అప్పటి అధినేత బాబ్ ఐగర్ ఈ సంగతి 2023లో తనే ఒప్పుకున్నారు, లెక్కకు మించి తీయడం వల్ల శ్రద్ధ చెదిరిందని. 2024లో ఏడాదికి రెండు, మహా అయితే మూడు సినిమాలు, రెండు సిరీస్‌లు మాత్రమే అని ప్రకటించారు. రోగం ఏమిటో డాక్టర్‌కి తెలిసింది, కానీ మందు పనిచేయడానికి టైం పడుతుంది. అది కింద చెబుతాను.

చావుకి విలువ పోవడం

మా అమ్మని తీసుకెళ్లాను ఒకసారి. తెర మీద ఒకణ్ణి చూసి, "వీడు పోయినసారి చచ్చిపోయాడు కదరా?" అంది. నేను మల్టీవర్స్ అని మొదలెట్టి నా మీద నాకే జాలేసి ఆపేశాను.

లోకి 2018లో చనిపోయాడు, 2021లో సొంత సిరీస్ వచ్చింది. గమోరా చనిపోయింది, ఇంకో కాలం నుంచి ఇంకో గమోరా వచ్చింది. 2017లో లోగన్ సినిమాలో వుల్వరీన్‌ని ఎంత గుండె పిండేలా చంపారు! 2024లో మళ్లీ పంజా విదిలించాడు. ఇప్పుడు టోనీ స్టార్క్‌గా ఏడిపించిన రాబర్ట్ డౌనీ జూనియరే విలన్ డాక్టర్ డూమ్‌గా వస్తున్నాడు. అనుకున్న పెద్ద విలన్ కాంగ్ పాత్రధారి కోర్టు కేసులో దోషిగా తేలడంతో 2023 డిసెంబర్‌లో తీసేశారు, దాంతో దారి మార్చుకోవాల్సి వచ్చింది. 2024 జులైలో శాన్ డియాగో కామిక్-కాన్‌లో డౌనీ ముసుగు తీసినప్పుడు అక్కడ చప్పట్లు మార్మోగాయి. నాకైతే చప్పట్లలో భయం కూడా వినబడింది, వ్యాపారం చేసేవాణ్ణి కదా. కొత్తవాడి మీద నమ్మకం ఉంటే పాతవాణ్ణి పిలవరు.

అయితే మల్టీవర్స్ అనగానే చెడ్డదని కాదు. 2021 డిసెంబర్ 16న వచ్చిన స్పైడర్ మ్యాన్ సినిమా అదే వాడుకుని 190 కోట్ల డాలర్లు దాటింది. మర్నాడే పుష్ప విడుదల. తెలుగు రాష్ట్రాల్లో ఆ రెండింటికీ కలిపి స్క్రీన్లు సర్దడంలో నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. అయినా స్పైడర్ మ్యాన్ నిలబడింది. తేడా ఏమిటంటే అక్కడ పాత బాకీలు తీర్చారు. 2002 నుంచి, 2012 నుంచి అర్ధాంతరంగా వదిలేసిన ఇద్దరు పాత పీటర్ పార్కర్లని తెచ్చి వాళ్ల కథలకు ముగింపు ఇచ్చారు. 2012 నాటి స్పైడర్ మ్యాన్ పడిపోతున్న అమ్మాయిని ఈసారి పట్టుకున్నప్పుడు, తన సినిమాలో తన ప్రేయసిని పట్టుకోలేకపోయిన సంగతి గుర్తున్నవాళ్లు లేచి నిలబడ్డారు. రెండు సినిమాలతో ఆగిపోయిన అతనికి మూడోది ఎప్పుడూ దక్కలేదు, ఆ రోజు దక్కింది. వడ్డీతో సహా.

నేను దెబ్బతిన్న చోటు

2019లో కెప్టెన్ మార్వెల్ 113 కోట్ల డాలర్లు చేసింది. మా దగ్గర కూడా వేసవి సెలవులకి ముందు బాగానే ఆడింది. ఆ లెక్క పట్టుకుని 2023 నవంబర్ 10న ది మార్వెల్స్‌కి దీపావళి వారాంతం షోలు దండిగా వేశాను. ఆదివారం మ్యాట్నీలో వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టాను. సోమవారం ఉదయానికి దాదాపు అన్నీ తీసేశాను. యజమాని ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే నా తప్పు తెలిసింది. అది కెప్టెన్ మార్వెల్‌కి రెండో భాగం అని నేను అనుకున్నాను. కాదు. ముగ్గురు నాయికల్లో ఒకరు 2019 సినిమా నుంచి, ఒకరు వాండావిజన్ నుంచి, ఒకరు మిస్ మార్వెల్ సిరీస్ నుంచి. అంటే మూడు చోట్ల సభ్యత్వం ఉన్నవాడికే పూర్తి సినిమా. కౌంటర్‌లో ఒక్క మాటలో ఏం చెప్పాలి? నిజానికి కథ సరదాగానే ఉంది, ముగ్గురూ చోట్లు మారిపోతుంటారు. ఎవరూ తెలుసుకునేంత దగ్గరికి రాలేదు. అమెరికాలో మొదటి వారాంతం 4.6 కోట్ల డాలర్లు, రెండో వారాంతానికి 78 శాతం పడిపోయింది. ప్రపంచమంతా కలిపి 20 కోట్ల చిల్లర. నాలుగేళ్లలో 113 నుంచి 20కి.

రెండో వారాంతం పతనం గురించి ఒక మాట. మొదటి వారాంతం జనానికి ఎంత ఆశ ఉందో చెబుతుంది, రెండో వారాంతం వాళ్లు బయటికొచ్చి ఏం చెప్పారో చెబుతుంది. అదే 2023లో ఫిబ్రవరిలో వచ్చిన మూడో యాంట్ మ్యాన్ అమెరికాలో 10 కోట్లకు పైగా ఓపెనింగ్ తెచ్చి రెండో వారాంతానికి దాదాపు 70 శాతం పడింది. మే నెలలో వచ్చిన మూడో గార్డియన్స్ 11.8 కోట్లతో మొదలై 48 శాతమే పడింది, మొత్తం 84 కోట్లు దాటింది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది. గార్డియన్స్‌లో ఒక ఉడుత లాంటి జంతువు చిన్నప్పటి బాధ ఉంది. (రకూన్‌కి తెలుగు పేరు నాకు తెలియదు, మా క్యాంటీన్ వాళ్లు ఉడుతనే అన్నారు.) దానికోసం ఏ సిరీసూ చూడక్కర్లేదు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ బయటికి రావడం చూశాను. విసుగు సూపర్ హీరోల మీదే అయితే మూడు నెలల తేడాలో ఇలా జరగదు.

ఒకడి తప్పుకి ఇంకొకడు కడతాడు

ఇది చాలామంది గమనించరు. చెత్త సినిమా తన కలెక్షన్ కన్నా తర్వాతి సినిమా కలెక్షన్ని ఎక్కువ తినేస్తుంది. యాంట్ మ్యాన్ పాపం కొంత ది మార్వెల్స్ కట్టింది. 2025 మే నెలలో వచ్చిన థండర్‌బోల్ట్స్ మంచి సినిమా, సమీక్షలూ బాగున్నాయి, మనసు కుంగిపోవడం గురించి నిజాయితీగా తీశారు. 38 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. ఎందుకంటే ఆ పోస్టర్ మీదున్న మొహాల్లో సగం పాత సినిమాల్లో, సిరీస్‌ల్లో పక్కన నిలబడినవాళ్లు. బాగుందని ఎంత చెప్పినా తోడు వచ్చేవాళ్లు "ఓటీటీలో వస్తుందిలే" అన్నారు. ఆ ఓటీటీ మాట వాళ్లకి నేర్పింది కూడా డిస్నీ వాళ్లే. 2020 ఏప్రిల్‌లో హాట్‌స్టార్‌తో కలిసి డిస్నీ ప్లస్ మన దేశానికి వచ్చాక, కొన్ని వారాలు ఆగితే తెలుగు ఆడియోతో సోఫాలోకి వచ్చేస్తుందని ప్రతి ఇంటికీ తెలిసిపోయింది.

సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ హక్కులున్న డీసీ వాళ్ల సంగతి ఇంకా విచిత్రం. 2022 చివర్లో జేమ్స్ గన్, పీటర్ సాఫ్రాన్‌లకి పగ్గాలు ఇచ్చారు. 2023 జనవరిలో వాళ్లు కొత్త ప్రణాళిక చెప్పారు, అంటే పాత లోకం మూసేస్తున్నట్టే. కానీ పాత లోకంలో తీసేసిన సినిమాలు ఇంకా విడుదల కావాల్సి ఉన్నాయి. షజామ్ రెండోది, ఫ్లాష్, రెండో ఆక్వామ్యాన్ వరసగా వచ్చాయి. దుకాణం ఎత్తేస్తున్నామని బోర్డు పెట్టి కొత్త సరుకు పూర్తి ధరకి అమ్మినట్టు. మొదటి ఆక్వామ్యాన్ 115 కోట్ల డాలర్లు చేస్తే రెండోది సుమారు 44 కోట్లే. గన్ కొత్త సూపర్‌మ్యాన్ 2025 జులైలో ఎవరూ ఏమీ చూసి రానవసరం లేకుండా మొదలైంది, 61 కోట్లు చేసింది. గొప్ప అనను, కానీ తలుపు మళ్లీ తెరిచింది.

గ్రాఫిక్స్ గురించి కూడా అడుగుతారు. అవును, చివరి అరగంట ఆకాశంలో వెలుగు, బూడిదరంగు గుంపులు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చేసేవాళ్ల మీద గడువుల ఒత్తిడి ఎంతుందంటే 2023లో మార్వెల్ వీఎఫ్ఎక్స్ ఉద్యోగులు యూనియన్ పెట్టుకోవడానికి ఓటు వేశారు. కానీ కథ పట్టుకుంటే మన జనం గ్రాఫిక్స్‌ని క్షమిస్తారు. ఇది రెండో కారణం, మొదటిది కాదు.

మనవాళ్లకి విసుగే రాని సిరీస్‌లు

మీలో కొందరు అనొచ్చు, ఒకే పాత్రని పదేపదే చూస్తే ఎవరికైనా విసుగు రాదా అని. చందమామలో బేతాళ కథలు గుర్తు చేసుకోండి. దశాబ్దాల పాటు నెలనెలా అదే విక్రమార్కుడు, అదే చెట్టు, అదే శవం. ఎవరికైనా విసుగొచ్చిందా? రాలేదు, ఎందుకంటే ఏ నెల చందమామ చేతికొచ్చినా ఆ కథ అక్కడే మొదలై అక్కడే ముగిసేది. పోయిన నెలది చదవలేదని ఎవరూ మిమ్మల్ని బయట నిలబెట్టలేదు. రామారావుగారు కృష్ణుడిగా ఎన్ని సినిమాల్లో వచ్చారో! 1957లో మాయాబజార్ చూసినవాడికి అంతకుముందు కృష్ణుడి సినిమాలు చూసి ఉండాలన్న నిబంధన లేదు. అవసరమైన పురాణం మాత్రం అమ్మమ్మ దగ్గర ఎప్పుడో విని వచ్చేవాడు. అది చదువుకోవడం కాదు, ఒంట్లో ఉన్నది.

2024 సంక్రాంతికి హనుమాన్ అలాగే ఆడింది. హాలీవుడ్ పత్రికలన్నీ సూపర్ హీరోల పని అయిపోయిందని రాస్తున్న రోజులవి. అంజనాద్రి అనే ఊళ్లో ఒక చిల్లర దొంగ కుర్రాడికి శక్తి వచ్చింది, అంతే కథ. పెద్ద సినిమాల మధ్య మొదట దానికి మేం ఇచ్చిన షోలు కొన్నే. రెండో రోజు నుంచి కౌంటర్ దగ్గర అడిగేవాళ్లు పెరుగుతుంటే ఒక్కో స్క్రీన్ మార్చుకుంటూ పోయాం. ముసలివాళ్లు, పిల్లలు కలిసి వచ్చారు. తోడు వచ్చేవాళ్లే ఆ సినిమాని మోశారు. ఇప్పుడు వాళ్లూ యూనివర్స్ అంటున్నారు, వరసగా ప్రకటనలు వస్తున్నాయి. చూద్దాం. నాకు యూనివర్స్ అన్న మాట వింటే కొంచెం టెన్షన్.

నా మాటని నమ్మే ముందు రెండు మూడు అడ్డంకులు

ఒకటి, డాలర్ల పతనం అంతా విసుగు కాదు. ఎండ్‌గేమ్ ఒక్క చైనాలోనే 60 కోట్ల డాలర్లకు పైగా చేసింది. 2019లో రెండో స్పైడర్ మ్యాన్ తర్వాత 2023 ఫిబ్రవరి దాకా అక్కడ ఒక్క మార్వెల్ స్టూడియోస్ సినిమా కూడా విడుదల కాలేదు. ఆ తలుపు మూసుకుంటే ఎంత మంచి సినిమా అయినా పాత అంకె అందుకోదు. కోవిడ్ తర్వాత అసలు థియేటర్‌కి వచ్చే అలవాటే తగ్గింది, అదీ కలపాలి.

రెండు, నా "ముందు చదువుకుని రావాలి" సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం నేనే ఇస్తాను. 2025 సెప్టెంబర్ 12న డీమన్ స్లేయర్ అనే జపాన్ యానిమేషన్ (యానిమే) సినిమా మన దగ్గర విడుదలైంది, తెలుగులో కూడా. అది ఒక పొడవాటి సిరీస్‌కి కొనసాగింపు, ముందు సీజన్లు చూడనివాడికి తలాతోకా తెలియదు. అయినా తెల్లవారుజాము షోకి పదిహేనేళ్ల పిల్లలు గుంపులుగా వచ్చారు. ఒకణ్ణి అడిగాను, "మొత్తం చూశావా?" అని. "రెండుసార్లు అంకుల్" అన్నాడు, సెలవుల్లో ఏం చేశావంటే చెప్పినంత గర్వంగా. అంటే చదువుకుని రావడం ఇష్టంగా ఉండే వయసొకటి ఉంది. 2012లో మీరు అదే వయసులో ఉండి ఉంటారు. అప్పుడు మీకూ అది బరువు కాదు, గొప్ప. సిరీస్ పెరుగుతుంటే అభిమాని వయసు కూడా పెరుగుతుంది. ఉద్యోగం, పిల్లాడు, ఈఎంఐ వచ్చాక ఆరు ఎపిసోడ్లు చూసి రమ్మంటే ఎవరు చూస్తారు? కొత్త పిల్లలకి 35కి పైగా సినిమాల వెనక నుంచి మొదలెట్టే ఓపిక లేదు, వాళ్లకి వాళ్ల సొంతది దొరికింది. పాతవాడు ముసలివాడై, కొత్తవాడు చేరకపోతే ఏ చీటీ అయినా మూతపడుతుంది.

కాబట్టి మీ ప్రశ్నలో "వయసా, సినిమాలా" అన్నదానికి రెండూ అనే చెప్పాలి, కానీ వయసు మీది ఒక్కరిదే కాదు, సిరీస్‌ది కూడా.

మూడు, ఇలాంటివి చచ్చి మళ్లీ లేచాయి. 1978లో మొదలైన సూపర్‌మ్యాన్ 1987లో నాలుగో భాగంతో పరువు పోగొట్టుకుంది. 1989 నాటి బ్యాట్‌మ్యాన్ 1997కల్లా నవ్వులపాలైంది. ఎనిమిదేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. 2005లో మళ్లీ మొదటి నుంచి మొదలెడితే మూడేళ్లకి ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. ఆ ఎనిమిదేళ్ల మౌనం ఇప్పుడు ఏ కంపెనీకీ సాధ్యం కాదు, ప్రతి మూడు నెలలకీ వాటాదారులకి లెక్క చెప్పాలి కదా.

ఇక డౌనీ డూమ్‌గా వచ్చే అవెంజర్స్ సినిమా, డూమ్స్‌డే. 2026 డిసెంబర్‌కి ప్రకటించారు. ఓపెనింగ్‌కి నా దగ్గరున్న పెద్ద స్క్రీన్లన్నీ ఇచ్చేస్తాను, అందులో సందేహం లేదు. మీలాంటివాళ్లు పాత సంబంధం కొద్దీ ఒకసారి వస్తారు. నా బెంగంతా సోమవారం గురించి. మీరు ఒక సాయం చేయండి. ట్రైలర్ వచ్చాక మీ ఇంట్లో, సూపర్ హీరోలంటే పట్టింపు లేనివాళ్లు ఎవరున్నారో వాళ్లని "వస్తావా?" అని అడిగి చూడండి. వాళ్లేమన్నారో నాకు రాయండి, షోలు వేసుకోవడానికి పనికొస్తుంది.